వేలంలో పాడే ధర ఒకటి, జేబులోంచి పోయేది ఇంకొకటి: కొనేవాళ్ళు కట్టాల్సిన ఫీజులు, పన్నుల లెక్క

బాలాపూర్ లడ్డూ పాట చూస్తూ పెరిగిన మనకి వేలం అంటే చాలా సింపుల్ వ్యవహారం. ఎంతకి పాడితే అంత కట్టి, లడ్డూ నెత్తిన పెట్టుకుని ఇంటికి పోవడమే. 1994లో 450 రూపాయలతో మొదలై 2025లో 35 లక్షలకి చేరిన పాటలో కూడా, మూడోసారి అన్నాక ఎవరూ వచ్చి "దీనిమీద ఇంకో 20 శాతం మా ఫీజు, ఆ ఫీజు మీద జీఎస్టీ" అని చేతిలో బిల్లు పెట్టరు. మిగతా వేలాలన్నిటిలో మాత్రం పెడతారు. పెయింటింగ్ అయినా, బ్యాంకు జప్తు చేసిన ఫ్లాట్ అయినా, ఈఎంఐ కట్టక లాక్కొచ్చిన కారు అయినా, మీరు పాడిన అంకె మీద ఏదో ఒకటి వచ్చి చేరుతుంది. ఏం చేరుతుందో, ఎంత చేరుతుందో పాటకి ముందే లెక్కేసుకోవచ్చు, పెద్ద కష్టం కూడా కాదు. కాకపోతే ఒక్కో రకం వేలానికి లెక్క ఒక్కోలా ఉంటుంది, అందుకే విడివిడిగా చెప్తాను.

ముందు ఒక మాట. ఏ వేలం అయినా సరే, నోటీసులోనో కేటలాగ్‌లోనో చివర్లో చిన్న అక్షరాలతో నిబంధనలు ఇస్తారు కదా, ఫోటోలు చూడకముందు అవి చదవండి. ఫోటో చూశాక మనసు పారేసుకుంటాం, ఆ తర్వాత 14 పేజీల పీడీఎఫ్ చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

పెయింటింగులు, పాత నాణేలు, కళాఖండాలు

ఇక్కడ ముఖ్యమైనది బయ్యర్స్ ప్రీమియం. అంటే కొన్నవాడి దగ్గర వేలం సంస్థ తీసుకునే కమిషన్. అమ్మేవాడి దగ్గర ఎలాగూ తీసుకుంటుంది, అది వేరే. 1975లో లండన్‌లో పెద్ద వేలం సంస్థలైన క్రిస్టీస్, సోథబీస్ 10 శాతంతో దీన్ని మొదలుపెడితే డీలర్లు గొడవ గొడవ చేశారు, తర్వాత మెల్లగా అందరికీ అలవాటైపోయింది, శాతం మాత్రం పెరుగుతూ పోయింది. 2025 ఫిబ్రవరి నాటి సోథబీస్ పట్టికలో 20 లక్షల డాలర్ల వరకు 27 శాతం. మన దేశంలో ఒక్కో వేలం సంస్థది ఒక్కో రేటు, ఒకరు 15 అంటారు, ఒకరు 20 అంటారు, ఆన్‌లైన్‌లో ఇంకో వెబ్‌సైట్ ద్వారా బిడ్ వేస్తే దానికి అదనంగా కొంత పడుతుంది. ఈ చివరిది చాలామంది చూసుకోరు. ఒకే లాట్‌కి, అంటే ఒక నంబర్ కింద వేలానికి పెట్టిన వస్తువుకి, సంస్థ సొంత యాప్‌లో ఒక రేటు, బయటి ప్లాట్‌ఫాం ద్వారా వస్తే ఇంకో రేటు ఉండొచ్చు, ఊరికే రిజిస్టర్ చేసుకునే చోటు మారితే డబ్బు మిగులుతుంది.

లెక్క ఎలా పడుతుందో చూద్దాం. చిత్రకారుడు తోట వైకుంఠం గారి బొమ్మ ఒకటి, నుదుట పెద్ద బొట్టు, జరీ అంచు చీర, అలాంటిది వేలానికి వచ్చిందనుకోండి. ధర నా ఊహ మాత్రమే, లెక్క కోసం గుండ్రంగా ఉండాలని 4 లక్షల దగ్గర సుత్తి పడిందనుకుందాం (అంటే పాట అక్కడ ఖాయమైంది, అదే సుత్తి ధర), ప్రీమియం 20 శాతం అనుకుందాం.

సుత్తి ధర: 4,00,000
బయ్యర్స్ ప్రీమియం 20 శాతం: 80,000
ఆ ప్రీమియం మీద జీఎస్టీ 18 శాతం: 14,400
బొమ్మ మీద జీఎస్టీ 5 శాతం: 20,000
మొత్తం: 5,14,400

4 లక్షలకి పాడి 5 లక్షల 14 వేల బిల్లు తెచ్చుకున్నారన్నమాట, ఇంకా బొమ్మ ఇంటికి రాలేదు. రెండు జీఎస్టీలు ఎందుకు అంటే, ప్రీమియం అనేది సంస్థ మీకు చేసిన సేవకి తీసుకునే రుసుము కాబట్టి సేవల రేటు 18, బొమ్మ వస్తువు కాబట్టి వస్తువు రేటు. బొమ్మలు, శిల్పాల మీద ఇంతకుముందు 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5కి తగ్గించారు. వందేళ్ళు దాటిన పురాతన వస్తువులకీ అంతే. కాబట్టి ఎవరైనా పాత వీడియోలో 12 అని చెప్తుంటే అది పాత లెక్క. కొన్ని లాట్లకి వస్తువు మీద జీఎస్టీ వేసే పద్ధతి మారుతుంది, అమ్మేవాడికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉందా లేదా అన్నదాన్నిబట్టి. అందుకే కేటలాగ్‌లో లాట్ నంబర్ పక్కన చుక్కో, నక్షత్రమో, బాణమో కనిపిస్తే వదిలేయకండి. ఆ గుర్తుల అర్థం వెనక పేజీలో ఉంటుంది, కొన్నిసార్లు ఆ గుర్తుకి అర్థం "ఈ వస్తువు విదేశంలో ఉంది, దిగుమతి సుంకం, రవాణా అన్నీ కొన్నవాడివే" అని. అది చూసుకోకుండా బిడ్ వేస్తే గోవిందా.

ఖరీదైన లాట్లకి ప్రీమియం శ్లాబుల్లో ఉంటుంది, ఇది ఆదాయపు పన్ను శ్లాబుల్లాగే పనిచేస్తుంది. కోటి వరకు 20, ఆపైన 15 అని రాసుంటే, కోటిన్నరకి పాడితే మొత్తానికి 15 వేసేసి 22.5 లక్షలు అని సంబరపడకండి. మొదటి కోటికి 20 లక్షలు, మిగతా 50 లక్షలకి 7.5 లక్షలు, మొత్తం 27.5 లక్షలు.

ఇంకోటి కొత్తగా వచ్చింది. 2025 ఏప్రిల్ 22 నుంచి, 10 లక్షలు దాటిన కొన్ని ఖరీదైన వస్తువులు అమ్మేవాడు 1 శాతం టీసీఎస్, అంటే కొనేవాడి దగ్గర ముందే తీసుకునే ఆదాయపు పన్ను, వసూలు చేయాలి. ఆ జాబితాలో చేతి గడియారాలు, పెయింటింగులు, శిల్పాలు, పురాతన వస్తువులు, సేకరణకి కొనే నాణేలు, స్టాంపులు అన్నీ ఉన్నాయి. రేసు గుర్రాలు కూడా, మలక్‌పేట రేసుకోర్సు వైపు చూసేవాళ్ళు గమనించగలరు. ఇది నిజానికి ఖర్చు కాదు, మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు, ఎక్కువైతే రీఫండ్ వస్తుంది. కానీ ఆ రోజు మాత్రం జేబులోంచి పోవాల్సిందే. పాన్ తప్పు ఇస్తే జమ ఎక్కడికో పోతుంది, అది వెతుక్కోవడం ఇంకో టెన్షన్.

ఇక చిల్లర ఖర్చులు. క్రెడిట్ కార్డుతో కడితే చాలాచోట్ల గేట్‌వే ఛార్జీ మీ మీదే వేస్తారు, పెద్ద మొత్తానికి ఇది వేలల్లో ఉంటుంది, నెఫ్ట్ లేదా ఆర్‌టీజీఎస్ చేస్తే తప్పుతుంది. ముంబై నుంచో ఢిల్లీ నుంచో అద్దం ఫ్రేమున్న బొమ్మ హైదరాబాద్ రావాలంటే చెక్క పెట్టె, ఇన్సూరెన్స్, రవాణా, వీటిమీద మళ్ళీ జీఎస్టీ. సంస్థ వాళ్ళే పంపిస్తామంటే ధర ముందే రాతపూర్వకంగా అడగండి, ఈమెయిల్ చాలు. డబ్బు కట్టాక ఫలానా తేదీలోగా తీసుకెళ్ళకపోతే గోదాము అద్దె మొదలవుతుందని కూడా నిబంధనల్లో ఉంటుంది.

ఇప్పుడు అసలు పనికొచ్చే లెక్క. పై లెక్కలో మొత్తం బిల్లు సుత్తి ధరకి 1.286 రెట్లు. మీ దగ్గర ఉన్నది 5 లక్షలే అనుకోండి, అందులోంచి ముందు రవాణాకి 15 వేలు పక్కన పెట్టండి. మిగిలిన 4,85,000ని 1.286తో భాగిస్తే 3,77,000 చిల్లర. అంటే మీరు పాడాల్సిన ఆఖరి అంకె 3.75 లక్షలు, దానిపైన ఒక్క అడుగు కూడా వేయకూడదు. చాలామంది 5 లక్షలు ఉన్నాయి కదా అని 4.5 దాకా వెళ్ళి, తర్వాత బిల్లు చూసి చిట్టీ ఎత్తడానికి పరిగెడతారు. ఆ గుణకం ప్రతి సంస్థకీ మారుతుంది కాబట్టి వాళ్ళ ప్రీమియంతో ఒకసారి లెక్కేసి, ఆఖరి అంకెని కాగితం మీద పెద్దగా రాసి స్క్రీన్ పక్కన పెట్టుకోండి.

బ్యాంకు వేలంలో ఫ్లాటు, ఇల్లు, ప్లాటు

హైదరాబాద్‌లో జనం ఎక్కువగా వెళ్ళేది ఈ హర్రాజుకే, డబ్బు ఎక్కువగా ఇరుక్కునేది కూడా ఇక్కడే. కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. ప్రభుత్వ బ్యాంకుల వేలాలు ఎక్కువగా బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో కనిపిస్తాయి, ప్రైవేటు బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు) వేరే ప్లాట్‌ఫాంలు కూడా వాడతాయి. ఇక్కడ బయ్యర్స్ ప్రీమియం లాంటిది సాధారణంగా ఉండదు. అది చూసి "ఫీజులే లేవు" అనుకుంటారు. ఫీజులు లేవు సరే, మిగతావి ఉన్నాయి.

మియాపూర్‌లో ఒక ఫ్లాటు, రిజర్వు ధర, అంటే అంతకంటే తక్కువకి అమ్మని కనీస ధర, 54 లక్షలు, మీరు 60 లక్షలకి పాడారనుకుందాం. పాటలో కూర్చోవడానికి ముందే ధరావతు కట్టి ఉంటారు, మామూలుగా రిజర్వు ధరలో 10 శాతం, అంటే 5.4 లక్షలు. పాట మీకు ఖాయమైతే అదే రోజు, లేదంటే తర్వాతి పని దినం లోపు పాడిన ధరలో 25 శాతం పూర్తి చేయాలి. 60లో 25 శాతం 15 లక్షలు, ధరావతు పోను 9.6 లక్షలు, ఒక్క రోజులో. ఎఫ్‌డీ పగలగొట్టాలి, బావగారిని అడగాలి, ఊళ్ళో వడ్లు అమ్మిన డబ్బు రావాలి అంటే కుదరదు. మిగతా 45 లక్షలు అమ్మకం ఖరారైన 15వ రోజు లోపు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే గడువు పెంచుకోవచ్చు, అది కూడా 3 నెలలు మించదు. కట్టలేకపోతే అప్పటిదాకా కట్టిందంతా పోతుంది. 25 శాతం మొత్తం జప్తు చేసుకోవచ్చని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది, కాబట్టి "పాపం అని కొంత వెనక్కి ఇస్తారులే" అనే ఆశ పెట్టుకోకండి. హోమ్ లోన్ మీద ఆధారపడేవాళ్ళు పాటకి ముందే మంజూరు మాట తీసుకుని, ప్రాసెసింగ్ ఫీజు, దానిమీద 18 శాతం జీఎస్టీ, లీగల్ ఒపీనియన్ ఖర్చు కూడా కలుపుకోండి.

ఇప్పుడు టీడీఎస్. ఇది అందరినీ తికమక పెడుతుంది. ఆస్తి ధర 50 లక్షలు లేదా అంతకంటే ఎక్కువైతే కొనేవాడు 1 శాతం కోసి ఆదాయపు పన్ను శాఖకి కట్టాలి. ఇది మీ 60 లక్షలకి అదనం కాదు, అందులోంచే. అంటే బ్యాంకుకి 59.4 లక్షలు, పన్ను శాఖకి మీ చేతులతో 60 వేలు. విడతలుగా కడుతున్నప్పుడు ప్రతి విడతలోనూ కోయాలి. కోసిన నెల ముగిశాక 30 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో కట్టేయాలి, పన్ను కోసేవాళ్ళు తీసుకునే టాన్ నంబర్ అక్కర్లేదు, మీ పాన్ చాలు. ఆలస్యమైతే వడ్డీ కాకుండా రోజుకి 200 రూపాయల రుసుము. అయితే ఎవరి పాన్ మీద కట్టాలి? ఆస్తి బ్యాంకుది కాదు, అప్పు తీసుకున్నాయనది. సాధారణంగా ఆ యజమాని పాన్ మీదే జమ చేయమంటారు, ఆ నంబర్ మీ దగ్గర ఉండదు, బ్యాంకు అధీకృత అధికారి దగ్గర తీసుకోవాలి. పాన్ లేకుండా కడితే రేటు 20 శాతం అవుతుంది, కాబట్టి ధరావతు కట్టకముందే ఈ ప్రశ్న అడిగి జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. యజమాని ఎన్నారై అయితే, మన ఊళ్ళో ఇది అరుదేమీ కాదు, ఈ 1 శాతం లెక్క మొత్తం మారిపోతుంది, రేటు చాలా ఎక్కువ, నేరుగా ఆడిటర్ దగ్గరికి వెళ్ళండి.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. మీరు 48 లక్షలకే పాడారు, 50 దాటలేదు కదా, టీడీఎస్ లేదు అనుకుంటారు. రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలో ఆ ఆస్తి విలువ 52 లక్షలుంటే, 2022 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం ప్రకారం రెండింటిలో ఏది ఎక్కువైతే దానిమీద కోయాలి. భార్యాభర్తలిద్దరి పేరు మీద చెరి 30 లక్షలు అని విడగొట్టినా లాభం లేదు, మొత్తం ఆస్తి ధరే చూస్తారు.

ప్రభుత్వ విలువకి, మీరు పాడిన ధరకి తేడా మరీ ఎక్కువైతే ఇంకో పన్ను కూడా తలుపు తట్టొచ్చు. ప్రభుత్వ విలువ మీరు కట్టిన ధర కంటే 10 శాతానికి పైగా ఎక్కువుండి, ఆ తేడా 50 వేలు కూడా దాటితే, తేడా మొత్తాన్ని మీ ఆదాయంగా లెక్కేసే సెక్షన్ ఉంది. చవగ్గా దొరికింది అని మురిసిపోయేవాళ్ళకి ఇది చేదు మాత్ర. మన దగ్గర ప్రభుత్వ విలువలు బజారు ధర కంటే తక్కువే ఉంటాయి కాబట్టి ఎక్కువమందికి తగలదు, కానీ మూడు నాలుగుసార్లు పాట పోక రిజర్వు ధర తగ్గించుకుంటూ వచ్చిన ఆస్తుల్లో తగిలే అవకాశం ఉంది. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఆ ఏరియా విలువ చూసుకోవడం ఐదు నిమిషాల పని.

తర్వాత రిజిస్ట్రేషన్. డబ్బంతా కట్టాక బ్యాంకు సేల్ సర్టిఫికెట్ ఇస్తుంది. తెలంగాణలో 2021 జూలై 22 నుంచి స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి 7.5 శాతం. 60 లక్షలకి 4.5 లక్షలు. అంతకుముందు 6 శాతమే ఉండేది, కొన్ని పాత లెక్కల్లో ఇంకా 3.6 లక్షలు అని కనిపిస్తుంది, నమ్మకండి. సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుని ఈ ఖర్చు తప్పించుకుందాం అనుకుంటే మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) దగ్గర, రేపు లోన్ పెట్టేటప్పుడు, అమ్మేటప్పుడు అన్నిచోట్లా ఆగిపోతారు. మ్యుటేషన్ రుసుము వేరే. జీఎస్టీ మాత్రం ఇక్కడ లేదు, పూర్తయిన ఇంటి మీద గానీ భూమి మీద గానీ జీఎస్టీ పడదు. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ప్లాట్ల వేలానికి వెళ్ళేవాళ్ళకి కూడా అదే. కోకాపేటలో ఎకరం 2023 ఆగస్టులోనే 100 కోట్లు దాటిన పాటలు మన స్థాయి కాదనుకోండి, అదే హెచ్‌ఎండీఏ చిన్న ప్లాట్లు కూడా వేలానికి పెడుతుంటుంది.

ఇప్పుడు అసలైన నొప్పి, పాత బకాయిలు. నోటీసులో "యాజ్ ఈజ్ వేర్ ఈజ్, యాజ్ ఈజ్ వాట్ ఈజ్, వాటెవర్ దేర్ ఈజ్" అని ఒక లైన్ ఉంటుంది, మంత్రంలా చదివి వదిలేస్తాం. దానర్థం, ఆ ఫ్లాటుకి అతుక్కుని ఉన్న బాకీలన్నీ మీవే అని. ఆస్తి పన్ను, జలమండలి బిల్లు, కరెంటు బిల్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మెయింటెనెన్స్. కరెంటు బకాయి విషయంలో 2023 మేలో సుప్రీంకోర్టు, ఇలా ఉన్నదున్నట్టుగా వేలంలో కొన్నప్పుడు పాత యజమాని బాకీ కొత్తవాడి దగ్గర వసూలు చేసుకోవచ్చని చెప్పింది. అసోసియేషన్ సంగతి చెప్పక్కర్లేదు, నెలకి 3 వేల చొప్పున మూడేళ్ళు ఆగితే 1,08,000, దానిమీద వాళ్ళు రాసుకున్న ఫైన్. సెక్రటరీ అంకుల్ పుస్తకం తెరిచి చూపిస్తాడు, "మీరెవరైనా మాకనవసరం, ఫ్లాట్ నంబర్ 402 బాకీ ఇది, ఇది కట్టాకే లిఫ్టు కార్డు" అంటాడు. ఆయన్ని పాట ముందే కలవడం మంచిది. ఒక ఆదివారం పొద్దున వెళ్ళి, వాచ్‌మన్‌తో కాసేపు మాట్లాడి, మీటర్ నంబర్ రాసుకుని వస్తే ఆన్‌లైన్‌లో కరెంటు బాకీ ఎంతో, డోర్ నంబర్‌తో ఆస్తి పన్ను ఎంతో మీరే చూసుకోవచ్చు. ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా అన్నది కూడా వాచ్‌మన్‌కి తెలిసినట్టు బ్యాంకువాళ్ళకి తెలియదు. నోటీసులో సింబాలిక్ పొసెషన్ అని ఉంటే తాళాలు మీ చేతికి వెంటనే రావు, ఖాళీ చేయించేదాకా మీరుంటున్న ఇంటి అద్దె, లోన్ ఈఎంఐ రెండూ నడుస్తాయి. ఆ నెలల ఖర్చు కూడా కొన్న ధరలో కలపాల్సిందే.

కూడితే 60 లక్షల ఫ్లాటు రిజిస్ట్రేషన్‌తో 64.5, బకాయిలు, లాయరు, లోను ఫీజులు కలుపుకుంటే 66 దాటి, రంగులు వేయించేసరికి 68కి చేరుతుంది. బజారులో అదే ఫ్లాటు 70కి బేరమాడితే దొరుకుతున్నప్పుడు ఇంత తిప్పలు పడాలా అన్నది మీ ఇష్టం. నన్నడిగితే కనీసం 15 శాతం తేడా లేకపోతే బ్యాంకు వేలం జోలికి వెళ్ళొద్దంటాను.

జప్తు చేసిన కార్లు, బండ్లు

ఇక్కడ ప్లాట్‌ఫాంకి ఒక డిపాజిట్ కడతారు, అది తిరిగొస్తుంది. పాట గెలిస్తే లావాదేవీ రుసుము, దానిమీద 18 శాతం జీఎస్టీ, ఇవి తిరిగిరావు. బండి యార్డులో ఉంటుంది, డెలివరీ ఆర్డర్ ఇచ్చాక ఇన్ని రోజుల్లో తీసుకెళ్ళకపోతే రోజుకి ఇంత పార్కింగ్ అని మీటరు తిరుగుతుంది. ఊరి చివర యార్డుకి సాయంత్రం ఐదింటికి చేరితే క్యాషియర్ వెళ్ళిపోయాడు రేపు రమ్మంటారు, ఆ రేపుకి కూడా పార్కింగ్ మీదే.

బండి మీద జీఎస్టీ గురించి తప్పక తెలుసుకోండి, ఎందుకంటే ఇక్కడ ఏజెంట్లు నోటికొచ్చినట్టు చెప్తారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు అమ్మే పాత బండ్ల మీద 2025 జనవరి 25 నుంచి రేటు 18 శాతం, కానీ మొత్తం ధర మీద కాదు, అమ్మేవాడి లాభం మీదే. బ్యాంకు జప్తు చేసిన బండికి ఆ లాభం లెక్కేసే పద్ధతి కూడా రూల్‌లో రాసి ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని వ్యక్తి దగ్గర జప్తు చేసిన బండి అయితే, ఆయన కొన్న ధరలోంచి ప్రతి మూడు నెలలకీ 5 శాతం తగ్గించుకుంటూ రావాలి. ఆయన 10 లక్షలకి కొని, మూడేళ్ళకి వేలానికొస్తే 12 త్రైమాసికాలు, 60 శాతం పోయి 4 లక్షలు మిగులుతుంది. మీరు 4.5 లక్షలకి పాడితే లాభం 50 వేలు, జీఎస్టీ 9 వేలు. 3.8 లక్షలకే పాడితే లాభమే లేదు, జీఎస్టీ సున్నా. ఇవన్నీ తెలియక "4.5 లక్షల మీద 18 శాతం అదనం" అన్నా తలూపేస్తే 81 వేలు. ధర మీద జీఎస్టీ వేశామంటే ఏ లెక్కన వేశారో అడగండి, ఇన్వాయిస్ ఇవ్వమనండి. 10 లక్షలు దాటిన బండికి ఇక్కడ కూడా 1 శాతం టీసీఎస్ పడుతుంది.

ఆర్టీఏ దగ్గర ఖర్చు వేరే. బహిరంగ వేలంలో కొన్న బండిని మీ పేరు మీదికి మార్చడానికి ఫారం 32 ఉంది, అంతకుముందు ఫైనాన్స్ కంపెనీ తన పేరు మీద ఆర్సీ తెచ్చుకోవాల్సి వస్తే ఫారం 36. ఇందులో ఏది వాళ్ళు చేస్తారు, ఏది మీ మీద తోస్తారు అన్నది నిబంధనల్లో ఉంటుంది. మహారాష్ట్ర, కర్ణాటక నంబర్ బండి చవగ్గా కనిపిస్తే ఆగండి, అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ మళ్ళీ కట్టాలి, ఆ టాక్స్ కలిపితే చవక కాస్తా ఆవిరైపోతుంది. బండి నంబర్‌తో తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో చూస్తే పాత యజమాని రాంగ్ రూట్ చలాన్లు, హెల్మెట్ లేని ఫోటోలు అన్నీ వస్తాయి. మార్పిడి చేయించుకోవాలంటే అవి ఎవరో ఒకరు కట్టాలి, ఆ ఎవరో ఒకరు దాదాపు ఎప్పుడూ మీరే.

ప్రభుత్వ ఆఫీసులు పాత జీపులు, ఫర్నిచర్, ఇనుము అమ్మే వేలాలు ఎక్కువగా ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ పోర్టల్‌లో జరుగుతాయి. అక్కడ చూపించే ధర సాధారణంగా పన్నులు కాకుండా, స్క్రాప్‌గా అమ్మితే జీఎస్టీతోపాటు టీసీఎస్ కూడా. బంగారం తాకట్టు వేలాల్లో 3 శాతం జీఎస్టీ కలుపుకోవాలి, పైగా అవి ఎక్కువగా నగల వ్యాపారుల మధ్యే నడుస్తాయి, ఇంటికోసం ఒక గొలుసు కొనుక్కుందాం అని వెళ్ళేవాళ్ళకి పెద్దగా మిగిలేదేమీ ఉండదు.

డిపాజిట్ కట్టకముందు

పాటలో చివరి ఐదు నిమిషాల్లో ఎవరైనా బిడ్ వేస్తే గడువు ఇంకో ఐదు నిమిషాలు పెరిగే పద్ధతి చాలా పోర్టళ్ళలో ఉంది. అలా పెరుగుతూ గంట పోతుంది, అవతలివాడి మీద పంతం వస్తుంది, "ఇంకో 25 వేలే కదా" అనిపిస్తుంది. ఆ 25 వేలు పన్నులతో కలిపి ఎంతవుతుందో పక్కన రాసుకుని ఉంటే చెయ్యి కొంచెం ఆగుతుంది. పెయింటింగ్ అయితే పై లెక్కన 32 వేలు, ఫ్లాటు అయితే దాదాపు 27 వేలు.

ధరావతు, ఫీజులు ఏవైనా నోటీసులో రాసిన ఖాతాకే, పోర్టల్ వాలెట్‌కే వెళ్ళాలి. "మీ పేరు ఖాయం చేయిస్తాను, ముందు 20 వేలు ఫోన్‌పే చేయండి" అనేవాడు వేలం మనిషి కాదు. ఒకవేళ పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఎవరి పేరు మీద పాడుతున్నారో కూడా డిపాజిట్ కట్టేటప్పుడే తేల్చుకోండి. బ్యాంకు సేల్ సర్టిఫికెట్ పాడినవాళ్ళ పేరు మీదే ఇస్తుంది, తర్వాత వెళ్ళి "మా ఆవిడ పేరు మీద ఇవ్వండి, లోన్ ఆమెకి వచ్చింది" అంటే కుదరదు, ఆమె పేరు మీదికి మార్చాలంటే ఇంకో దస్తావేజు, దానికి మళ్ళీ స్టాంపు డ్యూటీ. ఇద్దరి పేర్లూ కావాలంటే ఇద్దరి పాన్, ఆధార్ పెట్టి ఉమ్మడిగా రిజిస్టర్ చేసుకోండి. డబ్బు ఎవరి ఖాతాలోంచి వెళ్ళిందో వాళ్ళ పేరు కాగితాల మీద ఉండేలా చూసుకుంటే, రేపు ఆడిటర్ ముందు ఆ డబ్బు ఎక్కడిదో చెప్పుకోవడం కూడా తేలిక.